బావ స్నోషూలకు నేను చేసిన పట్టీలు

మా బావ కుడి పాదానికి మూడు వేళ్లు లేవు. అవి ఎలా పోయాయో ఉప్పల్‌లో ఆయనను ఎరిగినవాళ్లందరికీ తెలుసు. మంచుకొండల్లో నడకకు వెళ్లి, కాళ్లకు కట్టుకునే స్నోషూ పట్టీని బలం కొద్దీ గుంజి తెంపుకున్నాడని, కాలు మంచులో దిగబడిందని, దాంతో వేళ్లు పోయాయని చెబుతారు. మా ఇళ్లల్లో పెళ్లిళ్లకు పదిమంది చేరితే ఈ కథ వస్తుంది. పొద్దున పార్కులో నడిచేటప్పుడు వచ్చేది. ఆయన పాఠం చెప్పే బడిలో పిల్లలకూ తెలుసు. మొన్నటిదాకా బావను అడిగినా ఇదే చెప్పేవాడు.

ఈ కథను మొదట చెప్పింది నేను. అది అబద్ధం. అసలు జరిగింది రాస్తున్నాను.

నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. మేం చేసేది చెప్పుల పట్టీలు, సాండళ్ల బకిళ్లు. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆ పని నాకు చూపించింది బావే. మాది జనగామ వైపు. అక్కను చేసుకుని ఆయన ముందుగా ఉప్పల్ వచ్చాడు. నాలుగేళ్ల తర్వాత నన్ను పిలిపించి, నాచారంలో తెలిసినవాళ్లను పట్టుకుని పనిలో పెట్టించి, నా పెళ్లయ్యేదాకా తన రెండు గదుల ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆయన ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాడు. ఇన్నేళ్లుగా నల్లబల్ల మీద సుద్దముక్కతో హిమాలయాలు గీస్తున్నాడు గానీ, మంచును కళ్లతో చూసింది చేపల డబ్బాల్లోనే. ఈ మాట ఆయనే అని ఆయనే నవ్వేవాడు.

ఉప్పల్ భగాయత్ వైపు పార్కులో పొద్దున్నే నడిచే గుంపు ఒకటి మాకుంది. అప్పుడు ఏడుగురం. మాకు పెద్ద, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక రిటైరైన బ్యాంకు గుమస్తా. ఎక్కడికైనా వెళ్దామని ఎప్పుడూ ఆయనే అనేవాడు. మూడేళ్ల కిందట, దసరా వెళ్లిన వారానికి, ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"జనవరిలో హిమాచల్ వెళ్దామండీ. మంచు మీద మూడు రోజులు నడక. కొండలెక్కే పని లేదు. అడవిలో నడకే. కాళ్లకేమో స్నోషూలని కడతారట, దిగబడకుండా. అవి అక్కడే అద్దెకిస్తారు."

బావ బడిపిల్లాడిలా చేయి లేపాడు. "నేనొస్త. గాని అద్దెవి నాకొద్దు. అద్దె చెప్పులేస్కొని పెండ్లికి పోతరా ఎవరన్న?"

"పెళ్లి మీదా సార్?" అన్నాడు పెద్దాయన.

"మంచుతోటి. యాభై ఆరేండ్ల సంది సంబంధం చూస్తున్న."

ఆయనకు సొంత జత కావాలన్నది ఒట్టి సరదా కాదు. ముందే కట్టుకుని అలవాటు చేసుకోవాలని ఆయన ఆలోచన. ఏ పనైనా ముందు నేర్చుకుని చేసే మనిషి. ఆ రోజు అద్దెవే తీసుకుందాం బావా అని నేను ఒక్కమాట అని ఉంటే వినేవాడు. నా మాట వింటాడు ఆయన. నేను అనలేదు. నాకూ సరదాగానే ఉంది.

హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంటులో, కెనడాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగివచ్చిన ఐటీ అతను తన సామాన్లలో రెండు జతల స్నోషూలు అమ్ముతున్నాడని తెలిసి, ఆదివారం ఇద్దరం వెళ్లాం. అల్యూమినియం గొట్టం చుట్టూ వంచి, మధ్యలో మందమైన ప్లాస్టిక్ షీటు బిగించి ఉంది. కింద పాదం ఆనేచోట రంపంలాంటి ఇనుప పళ్లు. ముందు భాగం దగ్గర ఒక ఇరుసు. పైన బూటును పట్టుకోవడానికి మూడు పట్టీలు: వేళ్ల మీద ఒకటి, పాదం మీద ఒకటి, మడమ వెనక ఒకటి. ఒక జత పెద్దది, అతనిది. ఒక జత చిన్నది, వాళ్లావిడది.

"నాది ఏడో నంబరు," అంటూ బావ చిన్న జతను చంకలో పెట్టుకున్నాడు. "బామ్మర్దీ, నీది తొమ్మిది, పెద్దయి నువ్వు తీస్కో."

"సార్, ఇవి పాదం నంబరు చూసి తీసుకునేవి కాదు," అన్నాడు అతను. "బరువు చూసి తీసుకోవాలి. మీ బరువు, బూట్లు, బట్టలు, వీపు మీద బ్యాగు, అన్నీ కలిపి. బరువెక్కువైతే షూ కూడా మీతోపాటే మంచులోకి దిగుతుంది. ఎంతుంటారు?"

"గది జర రహస్యం."

అతను నవ్వి బరువు చూసే మిషన్ తెచ్చి పెట్టాడు. బావ తన బ్యాగులో అతని పుస్తకాలు నింపించుకుని మరీ ఎక్కాడు. తొంభై మూడు. నేను డెబ్బై ఆరు. పాదం చిన్నదైనా పెద్ద జత బావకు, పాదం పెద్దదైనా చిన్న జత నాకు. చెప్పుల పనిలో ముసలివాణ్ణవుతున్న నాకు ఆ లెక్క కొత్త. కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

చిన్న జత పట్టీలు బాగానే ఉన్నాయి, వాళ్లావిడ పెద్దగా వాడలేదట. పెద్ద జతవి ఎండిపోయాయి. రబ్బరును వేలితో వంచితే సన్నగా చిట్లింది.

"ఇవి మాత్రం పోయాయి సార్, దాచడమెందుకు," అన్నాడు అతను. "కంపెనీవి తెప్పించుకోవచ్చు, టైం పడుతుంది. లేకపోతే ఇక్కడ అలవాటు కోసం ఏదో ఒకటి కట్టుకుని నడవండి. అక్కడికెళ్లాక మాత్రం అద్దెవి తీసుకోండి."

"పట్టీలకా ఫికరు?" అన్నాను. "నాచారంల పట్టీలకు కరువా? పొద్దుకు వేలకు వేలు తీస్తం."

"ఇది చలికి గట్టిపడని రబ్బరండీ. మామూలుది కాదు."

"పట్టీల సంగతి మాకు మీరు జెప్తరా సార్?"

బావ నా భుజం మీద చేయి వేశాడు. "మా బామ్మర్ది ఇరవై ఏండ్ల సంది గదే పని," అన్నాడు గర్వంగా.

మా ఫ్యాక్టరీలో మగవాళ్ల సాండల్ మడమ పట్టీకి పాత అచ్చు ఒకటి ఉంది. పొడుగ్గా, వరుసగా రంధ్రాలతో, చివర బకిల్ తగిలించుకునేలా ఉంటుంది. స్నోషూకు దాదాపు సరిపోతుంది. మధ్యాహ్నం అన్నాల వేళ ఆ అచ్చును మిషన్‌కు ఎక్కించాను. కొత్త ప్లాస్టిక్ గింజలు వేస్తే ఓనర్‌కు తెలుస్తుందని, పాత పట్టీలు నూరిన ముక్కలే వేశాను. ఆ మాలులో సుద్దపొడి ఎక్కువ. చెప్పుకు అది చాలు. ఎండలో తిరిగే చెప్పుకు.

మిక్సర్ దగ్గర భువనగిరి వైపు పెద్దమనిషి ఒకాయన పనిచేసేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా అన్నా అనే పిలిచేవాడు. డబ్బా మూత పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఎవలికన్నా ఇవి?"

"మా బావకు. మంచుల నడిచేతందుకు."

"మంచులనా? గీ మాలుతోటా?" ఇంకా వేడిగా ఉన్న పట్టీని తీసి రెండు చేతులతో సాగదీశాడు. సాగింది. "ఇప్పుడు సాగుతది. చలికాలం పొద్దుగాల మొదటి షిఫ్టుల సాగుతదా? ఎండెక్కేదాంక కట్టెలెక్క ఉండదా? నాచారం చలికే గట్లుంటే, ఆడెట్లుంటదో సూస్కో."

"నువ్వు పోయి మిక్సర్ సూస్కో," అన్నాను.

ఆయన వెళ్తూ వెళ్తూ పట్టీని మడిచి నా ముందు పెట్టాడు. మడిచినచోట సన్నటి తెల్ల గీత. మా పనిలో అది ఎవరికైనా తెలిసిన గుర్తు. మాలు లోపల విడిపోతోందని. అలాంటి ముక్క కనిపిస్తే పక్కన పడేయమని కొత్తవాళ్లకు నేర్పేది నేనే. ఆ రోజు దాన్ని బొటనవేలితో రుద్దాను. గీత కొంచెం మసకబారింది. ఎనిమిది తీశాను. ఆరు బావ షూలకు, రెండు మిగులుకు.

నడక అలవాటు చేసుకోవడానికి ఉప్పల్‌లో మంచు ఎక్కడ దొరుకుతుంది? బావ ఇసుక లారీల అడ్డాను ఎంచుకున్నాడు. పొద్దున ఆరున్నరకు లారీలు వరుసగా నిలబడి ఉంటాయి, పక్కన పోసిన ఇసుక కుప్పలు తడిగా, మెత్తగా. ఇద్దరం బూట్లు తొడిగి, స్నోషూలు కట్టుకుని కుప్ప ఎక్కాం. టీ తాగుతున్న డ్రైవర్లు లేచి వచ్చారు.

"ఏంది సార్, కాళ్లకు చేటలు కట్టుకున్నరు?"

"బియ్యం చెరుగుతరేమో కాళ్లతోటి!"

"చెరుగుత, మీ ఇంటికి తెస్త, అండుకో," అన్నాడు బావ.

ఆయన పాఠం చెప్పినట్లే నడక నేర్పాడు నాకు. ఫోన్‌లో చూసి ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టాలి, లేకపోతే ఒక షూ మీద ఇంకొకటి పడి బోర్లా పడతాం. మడమ లేస్తుంది, ముందు భాగం ఇరుసు మీద తిరుగుతుంది, షూ తోక నేలమీద జారుతూ వస్తుంది. కాలు మరీ ఎత్తాల్సిన పని లేదు. వెనక్కి నడవకూడదు. తిరగాలంటే పెద్దగా చుట్టు తిరగాలి. బకిళ్లు బయటి వైపుకు ఉండాలి. దిగేటప్పుడు మోకాళ్లు వదులుగా పెట్టి బరువు మడమ మీద వేయాలి. వారం తిరిగేసరికి కుప్ప మీది నుంచి చేతుల్లో ఊతకర్రలు ఊపుకుంటూ దిగేవాడు. డ్రైవర్లు చప్పట్లు కొట్టేవారు.

ఒకరోజు ఆయన కూర్చుని పట్టీలు విప్పుతుంటే, కుడి కాలు పాదం మీది పట్టీకి బకిల్ పక్కన తెల్లగా కనిపించింది. ఇసుక అంటుకుందేమోనని తుడిచాను. పోలేదు.

"ఏమాయె?" అన్నాడు బావ.

"ఏం లేదు. ఇసుక."

ఆ సాయంత్రం మిగిలిన రెండు పట్టీల్లో ఒకదాన్ని మా ఇంట్లో ఫ్రిజ్ పై అరలో, మంచు గడ్డకట్టేచోట పెట్టాను. మా ఆవిడ చూసి నెత్తి కొట్టుకుంది. "చెప్పుల పట్టీలు ఫ్రిజ్జిల పెడ్తరా ఎవరన్న? పచ్చి బటానీల పక్కన?" పొద్దున్నే తీశాను. కట్టెపుల్లలా ఉంది. వంచాను. ముందు తెల్ల గీత వచ్చింది. తర్వాత చిట్ మని చప్పుడు, సగం వెడల్పు వరకు చీలింది. నిమిషం సేపు అరచేతిలో పట్టుకుంటే మళ్లీ మెత్తబడింది. అప్పుడు నాకు నేను చెప్పుకున్నది నాకు గుర్తుంది: కాలి వేడి ఉంటుంది కదా, పట్టీ మరీ ఇంత చల్లబడదు. ఆ ముక్కను జేబులో వేసుకుని పార్కుకు వెళ్లాను.

ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అద్దెకు తీసుకుందామని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. పెద్దాయన అడిగాడు కూడా. "పట్టీలు చలికి ఆగుతాయా అండీ? ఎందుకైనా మంచిదని అడుగుతున్నా."

"ఫ్రిజ్‌లో పెట్టి చూసినం," అన్నాను. "పాస్."

"మా బామ్మర్ది టెస్టు జేసిండంటే జేసినట్టే," అన్నాడు బావ.

జేబులో చీలిన ముక్క నా తొడకు తగులుతూనే ఉంది.

హిమాచల్‌లో మొదటి రోజు ఎండ కాసింది. మంచు గట్టిగా ఉంది, నడక తేలిక. బావ చేతి తొడుగు తీసి పిడికెడు మంచు తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. "దీన్ని సుద్దముక్కతోటి గీసిన ఇన్నేండ్లు," అని నవ్వి, ఇంకో పిడికెడు తీసుకున్నాడు. రెండో రోజు మబ్బు పట్టింది. అంతకు ముందు కురిసిన మంచు దూదిలా వదులుగా ఉంది. బయలుదేరేముందు స్థానిక గైడ్ అందరి షూలు చూశాడు. సన్నగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు, కుర్రవాడు కాదు, నలభై దాటినవాడు. బావ ముందు మోకాలి మీద కూర్చుని పట్టీని బొటనవేలితో నొక్కాడు. గోరుతో గీరాడు. నా వైపు తిరిగి, ఇది ఎక్కడిదని హిందీలో అడిగాడు.

"కంపెనీ కా హై," అన్నాను.

అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. తన దగ్గర ఒక జత అదనంగా ఉంది, పెద్దది, తెమ్మంటారా అన్నాడు. బావ నా వైపు చూశాడు. నేను వద్దన్నాను. చేతితో కూడా వద్దని ఊపాను. ఇది నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. ఆ జత ఇరవై అడుగుల దూరంలో గుడారం కర్రకు వేలాడుతోంది.

దేవదారు చెట్ల మధ్య రెండు గంటలు నడిచాం. గైడ్ ముందు, పెద్దాయన, బావ, తర్వాత నేను. గాలి లేదు. మంచు చప్పుళ్లన్నింటినీ తాగేస్తుంది, మా షూల చరచర తప్ప ఏమీ వినిపించదు. అందుకే ఆ చప్పుడు నాకు అంత స్పష్టంగా వినిపించింది. చిట్. మా ఇంటి వంటగదిలో విన్న చప్పుడే. బావ ఆగాడు.

"ఏందో తెగినట్టున్నది."

పాదం మీది పట్టీ బకిల్ పక్కన రెండయింది. నేను వంగి నా బ్యాగులోని తాడుతో కట్టాను. పది అడుగులు వేశాడు. మళ్లీ చిట్. ఈసారి వేళ్ల మీదిది. షూ వెనక్కి ఊడింది, కాలు తొడదాకా దిగబడింది. ఒరిగిపోయాడు. అందరం కలిసి తవ్వి పైకి లాగేసరికి బూటులో మంచు నిండింది. మేజోడు తడిసింది. అక్కడినుంచి గుడారాలకు గంటన్నర దూరం. ఊడిన షూ మళ్లీ తాడుతో కట్టినా నిలవలేదు. ఒక కాలికి షూ, ఒక కాలికి లేదు. అడుగడుగుకూ ఆ కాలు మోకాలిదాకా దిగుతోంది. గైడ్ తన షూ విప్పి ఇచ్చాడు, అది బావ బరువుకు చాలలేదు. ఆయన నా భుజం పట్టుకుని నడిచాడు. దారిలో ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు.

"కాలు నొస్తలేదు బామ్మర్దీ," అన్నాడు కాసేపయ్యాక, సంతోషంగా. "ఏం తెలుస్తలేదు."

ఆ మాట విని ముందు నడుస్తున్న గైడ్ వెనక్కి తిరిగి చూశాడు. మాట అర్థం కాకపోయినా, ఏదో అర్థమైనట్లుంది. ఏమన్నాడని అడిగాడు. చెప్పాను. అతను నడక వేగం పెంచాడు.

గుడారంలో బూటు విప్పితే వేళ్లు మైనపు ముద్దల్లా ఉన్నాయి. రుద్దవద్దని గైడ్ అరిచాడు, గోరువెచ్చని నీళ్లు తెప్పించాడు. బావ పళ్లు బిగించి కూర్చున్నాడు, స్పర్శ తిరిగొస్తున్నచోట నొప్పి మొదలైంది. అప్పుడు పెద్దాయన అడిగాడు.

"అసలెలా తెగిందండీ? ఫ్రిజ్‌లో పెట్టి చూశామన్నారుగా?"

ఆరు ముఖాలు నా వైపు తిరిగాయి. గైడ్ కూడా చూస్తున్నాడు.

"బావ మస్తు గట్టిగ గుంజిండు," అన్నాను. "చివరి రంధ్రం దాంక. ఎంత గట్టిదైనా అంత గుంజితే ఆగుతదా?"

బావ తల ఎత్తి నన్ను చూశాడు. ఆ పొద్దున పట్టీలు బిగించింది తనే కదా. ఎంత గుంజాడో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత మెల్లగా అన్నాడు. "అవు. జర ఎక్కువనే గుంజిన్నేమో. ఊడుతదేమోనని."

అంతే. దాంతో కథ తయారైంది. మంచులో పడిన పట్టీ ముక్కలను నేను ఏరి జేబులో పెట్టుకున్నాను. అడవిలో చెత్త వేయని మంచి అలవాటని పెద్దాయన మెచ్చుకున్నాడు.

హైదరాబాద్ వచ్చాక నాలుగు వారాలు దవాఖాన చుట్టూ తిరిగాం. వేళ్లు నల్లబడ్డాయి. మూడింటిని తీసేశారు. ఆపరేషన్ రోజు అక్క బయట బెంచీ మీద కూర్చుని నాతో అంది, "బలం జూపెట్టుడు మీ బావకు చిన్నప్పటి సంది అలవాటేరా. బోరింగు కొట్టినా గట్లనే." నేను తలూపాను.

తర్వాత ఆ మాట ఇంటి మాటైంది. ఆయన సీసా మూత బిగిస్తుంటే, "మెల్లగ, తెంపుతవు," అంటారు. బడిలో పిల్లలు ఆయనకు సుద్దముక్క ఇస్తూ, "సార్, ఇరగగొట్టకుర్రి," అని నవ్వుతారట. ఆయనా నవ్వుతాడు. కానీ నేను చూశాను, గిన్నె మూత తీసినా, గేటు గడియ వేసినా, ఒక్క క్షణం ఆగి తన చేతుల వంక చూసుకుంటాడు. ఒకసారి నా స్కూటర్ బ్రేకు వైరు బిగించమంటే వద్దన్నాడు. "నా చేతులల్ల పెట్టకు," అన్నాడు. ఒకప్పుడు ఇంట్లో ఏ మరమ్మతైనా చేసింది ఆయనే. నేను ఇప్పుడు కూర్చుని రాస్తున్న ఈ బల్ల కూడా ఆయన బిగించి ఇచ్చిందే, ఏళ్లయినా కదలదు.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకున్నానని రాయడం కూడా నాకు సిగ్గుగా ఉంది.

పోయిన నెల బావ ఫోన్ చేశాడు. ఆయన కూతురు, నా మేనకోడలు, అదే గుంపుతో జనవరిలో అక్కడికే వెళ్తోందట. ఘట్‌కేసర్ దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతుంది, సెలవు దొరికిందట. నాన్న పూర్తి చేయని నడక నేను చేస్తానందట.

"అటక మీదికెల్లి పెద్ద జత దించినం," అన్నాడు. ఆయన గొంతులో మూడేళ్లుగా వినని ఉత్సాహం. "పిల్లది సన్నగున్నది, బ్యాగు బరువు కలిపినా దిగబడదు. కుడి కాలు పట్టీలు రెండు లేవు గద, గట్లనే రెండు చేసియ్యి. ఎడమవి మంచిగనే ఉన్నయి. మెల్లగ గుంజుమని నేను జెప్త, నాలెక్క గుంజకుమని."

ఫోన్ పట్టుకుని మిషన్ పక్కన నిలబడ్డాను. పట్టీలు పడుతూనే ఉన్నాయి డబ్బాలో.

"ఇనవడ్తుందా?"

"వస్తున్న బావా," అన్నాను. "ఇప్పుడే వస్తున్న."

ఫ్యాక్టరీలో నా అల్మారాలో ఒక కవరు ఉంది. తెగిన ముక్కలు, ఫ్రిజ్‌లో చీలిన ముక్క, వాడని పట్టీ ఒకటి. తీసుకుని ఉప్పల్ వెళ్లాను. మధ్యాహ్నం మూడు కావస్తోంది. హాలులో స్నోషూలు కాగితాల మీద పరిచి ఉన్నాయి, మేనకోడలు తడిగుడ్డతో తుడుస్తోంది. "మామా, ఇవి చేటలా ఏంది!" అని నవ్వింది. లారీ అడ్డా మాట ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఎడమ షూ పట్టీల మీద, బకిళ్ల పక్కన, తెల్ల గీతలు మూడు. తుడిచినా పోవడం లేదు.

నేరుగా వంటగదిలోకి వెళ్లి, వాడని పట్టీని ఫ్రిజ్ పై అరలో పెట్టి వచ్చి కూర్చున్నాను.

"ఏం పెట్టినవురా?" అంది అక్క.

"జర ఆగు అక్కా."

రెండు గంటలు. అక్క టీ ఇచ్చింది. బావ తన కూతురికి నడక నేర్పాడు, కాళ్లు ఎడంగా పెట్టి, హాలులో అటూ ఇటూ, కుంటుతూ. వెనక్కి నడవకూడదని చెప్పాడు. ఐదు దాటాక లేచి పట్టీని తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"వంచు బావా."

"నేనా? నా చేతులతోటొద్దు."

"రెండు వేళ్లతోటి. మెల్లగ."

ఆయన బొటనవేలూ చూపుడువేలూ పెట్టి, పసిపిల్ల చెవి పట్టుకున్నంత మెల్లగా వంచాడు. తెల్ల గీత వచ్చింది. చిట్ మంది. రెండు ముక్కలు ఆయన ఒళ్లో పడ్డాయి.

మేనకోడలు నడవడం ఆపింది. బావ ముక్కలను చూసి, నన్ను చూసి, తన రెండు వేళ్లను చూసుకున్నాడు.

"ఫ్రిజ్జిల పెట్టి సూసిన అన్నవు గద."

"సూసిన."

"సూస్తే ఏమాయె అప్పుడు?"

"గిట్లనే అయింది బావా." కవరులోంచి పాత ముక్క తీసి పెట్టాను. "పోయేటందుకు పన్నెండు రోజుల ముంగటనే."

అక్క నోట్లోంచి అరుపు లాంటిది వచ్చింది. బావ చేయి ఎత్తి ఆమెను ఆపాడు. పాత ముక్కను తీసుకుని కొత్త ముక్కల పక్కన పెట్టి చూశాడు.

"మూడేండ్ల సంది నా చేతులను తిట్టుకుంటున్న," అన్నాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "వేళ్లు వొయినయంటే పోనీ అనుకున్న. ఈ చేతులు గివ్వెందుకు గిట్ల అని."

నేను ఏదో అనబోయాను.

"నాకేం జెప్పకు. గుంపుకు జెప్పు. మన ఇండ్లల్ల జెప్పు. బడిపోరలకు జెప్తవో, రాసిస్తవో, నీ ఇష్టం. నేను మాత్రం చెప్ప."

పార్కులో మర్నాడే చెప్పాను. పెద్దాయన "అదేంటండీ" అన్న ఒక్క మాట అని, కళ్లజోడు సర్దుకుని నడక మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ఆయన వెంట వెళ్లారు. బంధువులకు ఒక్కొక్కరికీ చెబుతున్నాను. చెప్పలేనివాళ్లకు ఈ కాగితాలు.

మేనకోడలు వెళ్తుంది. అద్దె జతే తీసుకుంటుంది, గైడ్ ఏది ఇస్తే అది. నాతో మాట్లాడదు గానీ ఆ మాట అక్కతో చెప్పించింది. పెద్ద జతను బావ అటక మీదికి ఎక్కించలేదు, పారేయలేదు. మిగిలిన నాలుగు పట్టీలు మాత్రం కోసి పడేశాడట, కత్తెరతో, తన చేతులతో.

నిన్న అక్క ఫోన్ చేసింది. తన చేతుల్లో విరిగిన ఆ రెండు ముక్కలను బావ మళ్లీ ఫ్రిజ్ పై అరలోనే పెట్టాడట, కరివేపాకు డబ్బా పక్కన. పారేస్తానంటే వద్దన్నాడట. పొద్దున పాలు తీసేటప్పుడు ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటాడట, వంచడట, చూసి మళ్లీ లోపల పెడతాడట.

"ఎన్ని రోజులురా గట్ల?" అంది అక్క.

"ఆయన చేతులతోటి ఆయనే పడేసేదాంక ఉండనీ అక్కా," అన్నాను.